మట్టిగోడకు టోపి, జోళ్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. పాత ఇంటిని బాగుచేసి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కాలమున ఏటేట ఇంటిని బాగుచేసికొనుట గృహస్థుని పనులలో ఒకటి. దానికొక సామెత అవసరము లేకపోయెను కాబోలు. నేడు అది మనము మఱచిన విద్య. ఆ విద్యను నేను మా ఊరిలో ఒక గోడను పోగొట్టుకొని నేర్చితిని. అట్లు నేర్చిన పాఠము వేల మైళ్ల దూరమున, ఇంగ్లండు దేశములో, మా అమ్మాయి ఇంటి గోడలను నిలుపుటకు పనికివచ్చెను. ఆ కథయే ఈనాటి ప్రసంగము.

ముందుగా ఒక మాట. నేను తాపీమేస్త్రిని కాను, ఇంజనీరును కాను. ముప్పది సంవత్సరములు పిల్లలకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడను. కనుక నా మాటలలో శాస్త్రముకంటె అనుభవము పాలు ఎక్కువ.

మా ఊరు పిట్టలవానిపాలెము. బాపట్లకును రేపల్లెకును నడుమ, కృష్ణ పశ్చిమ డెల్టాలో, ఒకనాడు వెలనాటి చోడులు ఏలిన చందవోలుకు చేరువన ఉన్నది. రాయి దొరకని నేల. మన్ను మాత్రము కావలసినంత. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప మా వైపునకు కాలువ నీరు వచ్చెను. నీటితో వరి పండెను. వరి పండినచోట పెంకుటిండ్లు లేచినవి. మా తాతగారు 1920 ప్రాంతమున కట్టించిన ఇల్లు అట్టివానిలో ఒకటి.

ఆ ఇంటి గోడల మందము రెండడుగులు. నేలపై రెండడుగుల ఎత్తువఱకు ఇటుక, ఆపైన మన్ను. గోడ పెట్టిన విధమును మా నాయనమ్మ చెప్పగా వింటిని. మన్ను నానబెట్టి, అందులో వరిగడ్డి ముక్కలు చల్లి, నలుగురైదుగురు కాళ్లతో త్రొక్కి, ముద్దలు చేసి అందించెడివారట. ఒక వరుస పెట్టి, అది గట్టిపడుదాక ఆగి, పైవరుస పెట్టెడివారట. ఒక వేసవి అంతయు గోడలకే పట్టెనట. ఆరిన గోడకు సున్నపు పూత. మా తీరమున గుల్లలు కాల్చి సున్నము తీసెడివారు. దానిని ఇసుకతో కలిపి గానుగలో ఆడించి, వెన్నవలె మెత్తనైన పిదప గోడకు పూసెడివారు. పైన తాటి దూలములు, తాటి వాసములు, గూనపెంకు. చూరు గోడకు చాల వెలుపలికి దిగియుండెడిది.

1977 నవంబరు 19వ తేదీని వచ్చిన తుపానును మా తీరమున ఎఱుగనివారు లేరు. ఉప్పెన దివిసీమను ముంచెను. గాలి మా వైపు గ్రామములను కూడ వదలలేదు. మా ఇంటి పెంకు సగము ఎగిరిపోయెను. వాన నేరుగ గదులలోనికి కురిసెను. అయినను గోడలు నిలిచినవి. ఎండ కాసిన తరువాత మెల్లమెల్లగా తడి ఆరినది. పెంకు తిరిగి కప్పించితిమి, సంసారము సాగినది.

ఆ గోడల నిలుకడను చూచి నేర్వవలసినదానిని నేను నేర్వలేదు. సిమెంటు ఆ రోజులలో పర్మిటుపై దొరకెడి వస్తువు. 1982లో దానిపై ప్రభుత్వ నియంత్రణ కొంత సడలిన తరువాత పల్లెలకు బస్తాలు విరివిగా రాసాగెను. సిమెంటు పూసిన ఇల్లనిన ఒక గౌరవము. ఏటేట సున్నము వేయు శ్రమ తప్పునని ఆశ. 1986 వేసవిలో, జీతములో మిగిల్చిన సొమ్ముతో, పడమటి గోడకును వీధిగోడకును సున్నపు పూత గీకించి, వెలుపల సిమెంటు పూయించితిని. నేను కూడ ఒక వారము తాపీ పట్టితిని. ఊరివారు వచ్చి గోడను వ్రేళ్లతో కొట్టి చూచి, "పంతులుగారి ఇల్లు కోటైపోయింది" అనిరి. నాకును అట్లే తోచెను.

1990 మే 9వ తేదీని మరల తుపాను తీరము దాటెను. ఈ మాఱు పెంకు అంతగా పోలేదు. సిమెంటు పూతలో సన్నని బీటలు మాత్రము కానవచ్చినవి. గాలివాన వెలిసిన పది దినములకు, ఆకు కదలని ఒక రాత్రి, పడమటి గోడ నడిమి భాగము పెద్ద శబ్దముతో కూలెను. మా అమ్మ మంచము ఏండ్ల తరబడి ఆ గోడ ప్రక్కనే ఉండెడిది. ఉక్కకు తాళలేక ఆ రాత్రి ఆమె వాకిటిలో నులకమంచముపై పడుకొనెను, కనుక బ్రతికెను. అప్పటికి ఆరేండ్ల మా అమ్మాయి నాయనమ్మ ప్రక్కలోనే ఉన్నది. ఈ మాట చెప్పునపుడు నేటికిని నా గొంతు తడబడును.

తెల్లవారిన తరువాత ఊరి ముసలి మేస్త్రి వచ్చి, కూలిన మన్ను పిడికిట పట్టి పిండెను. అది కుండలు చేసెడి మట్టివలె ముద్దయై వ్రేళ్లకు అంటుకొనెను. "పంతులుగారూ, మట్టిగోడ మనిషిలాంటిదండీ. నీళ్లు తాగుతుంది, చెమట పోస్తుంది. తమరు చెమట పోసే దారి మూసేశారు" అనెను. నిష్ఠురము లేదు, వేళాకోళము లేదు. లెక్కలో తప్పును చూపినట్లు చూపెను.

ఆయన మాటను తరువాత నేను పుస్తకములలో సరిచూచుకొంటిని. మన్నులోని బంకరేణువులు కొద్దిపాటి తేమ ఉన్నంతవఱకు ఒకదానినొకటి గట్టిగ పట్టుకొనియుండును. తేమ ఒక మేరకు మించినచో ఆ పట్టు జారును. నేలనుండి తేమ పైకి ప్రాకుటయు, వానజల్లు తగులుటయు ఏ గోడకైనను తప్పవు. సున్నపు పూతలో కంటికి కనబడని రంధ్రములు కలవు; లోనికి వచ్చిన తేమ వానిగుండ ఆవిరియై పోవును. సిమెంటు పూత బిఱుసైనది. మన్ను తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకొని కదలునపుడు తాను కదలలేక అది బీటలువాఱును. ఆ బీటలగుండ నీరు లోనికి పోవును. తిరిగి వచ్చుటకు దారి లేక గోడ అడుగున చేరును. పైకి గోడ నున్నగా, పొడిగా కనబడుచునే యుండును; లోన మన్ను అడుసగుచుండును. కూలునపుడు ముందుగా హెచ్చరిక ఉండదు. అదియే ఇందలి ప్రమాదము.

కూలినచోట ఇటుకగోడ కట్టించితిమి. వీధిగోడకు సిమెంటు ఒలిపించి, ఆరనిచ్చి, తిరిగి సున్నము పూయించితిని. ఆ గోడ నేటికిని నిలిచియున్నది.

కాలము గడచినది. అమ్మాయి చదువుకొని, పెండ్లియై, భర్తతో ఇంగ్లండు చేరెను. ఇద్దఱును కంప్యూటరు ఉద్యోగులు. 2013లో వారు ఆ దేశపు నైరుతి మూలనున్న డెవన్ ప్రాంతమున, ఒక పల్లె చివర, పాత రైతు ఇల్లు కొనిరి. చాలకాలము ఎవరును లేక తేమ వాసన కొట్టుచుండుటచే దాని వెల తగ్గెను. శని ఆదివారములలో తామే బాగుచేసికొందుమని, పుస్తకములు చదివి, పనిముట్లు కొని, పనిలోనికి దిగిరి. అంతకుముందు వారిలో ఎవరును గోడకు మేకు కొట్టి ఎఱుగరు.

మఱుసటి వేసవిలో మేము అక్కడికి వెళ్లితిమి. ఇంటిని చూచినంతనే నాకు మా ఊరు గుర్తువచ్చెను. గోడలు రెండడుగులకు మించిన మందము. పైన గోధుమగడ్డి కప్పు. గోడలకు వెలుపల సిమెంటు పూత, దానిలో సన్నని బీటలు. లోపలివైపు అడుగున నల్లని బూజు. "ఈ గోడ దేనితో కట్టినది?" అని అడిగితిని. "మట్టితోనండి మామయ్యగారూ. ఇక్కడ దీన్ని కాబ్ అంటారు" అని మా అల్లుడుగారు చెప్పిరి. బంకమన్నులో గడ్డి కలిపి, కాళ్లతోనో పశువులచేతనో త్రొక్కించి, రాతి పీఠముపై వరుస వెంట వరుసగ పెట్టెడి పద్ధతి. మా నాయనమ్మ చెప్పిన పద్ధతియే. ఆ ప్రాంతమున ఇట్టి ఇండ్లు వేలకొలది కలవు. మొదటి ఎలిజబెత్తు రాణి కాలపు ప్రసిద్ధ నావికుడు సర్ వాల్టర్ రాలీ జన్మించిన హేస్ బార్టన్ అను ఇల్లును మట్టిగోడలదే.

మా అల్లుడుగారు లోపల తేమను ఆపెడి రంగు వేయుటకును, వెలుపలి బీటలపై మఱియొక పొర సిమెంటు పూయుటకును సిద్ధమై ఉండిరి. డబ్బాలు, బస్తాలు కొని వాకిట ఉంచిరి. నాకు గుండె ఝల్లుమన్నది. కాని అల్లునియింట మామగారు సలహాలు చెప్పుట మన వైపు మర్యాద కాదు గదా! రెండు దినములు ఊరకుంటిని. మూడవనాటి రాత్రి గట్టి వాన పట్టెను. ఇక ఉండబట్టలేక అమ్మాయిని పిలిచి, "పసివాని ఉయ్యాల ఆ గోడ ప్రక్కనుండి తీయించమ్మా" అంటిని. "ఎందుకు నాన్నా?" అని నా ముఖము చూచెను. పడమటి గోడ మాట ఎత్తితిని. "ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది" అని, మాటాడక లేచి, తానే ఉయ్యాలను జరిపెను.

మఱునాడు నా కథనంతయు విని మా అల్లుడుగారు చిన్నబుచ్చుకొనలేదు. మట్టిగోడల పని తెలిసిన స్థానికుడొకనిని విచారించి పిలిపించిరి. ఆయన డెబ్బది ఏండ్ల పెద్ద. గోడ అడుగున చిన్న రంధ్రము తొలిచి, లోని మన్ను తీసి, పిడికిట పట్టి పిండెను. నేను మా అమ్మాయి వైపు చూచితిని. పిదప ఆయన, మట్టిగోడకు కావలసినవి రెండే అని ఆ ప్రాంతమున ఒక నానుడి కలదని చెప్పెను: మంచి టోపి, మంచి జోళ్లు. టోపి అనగా వాననీటిని గోడకు దూరముగ పడవేయు కప్పు. జోళ్లు అనగా నేల తడిని పైకి రానీయని పీఠము. ఈ రెండును సరిగ ఉన్నచో మట్టిగోడ వందల ఏండ్లు నిలుచును.

ఆ ఇంటి టోపి బాగుగనే ఉన్నది. జోళ్లే మునిగినవి. ఏండ్ల తరబడి తోటమన్ను చేరి, రాతి పీఠమును కప్పి, మట్టిగోడను తాకుచుండెను. పైన సిమెంటు కోటు తొడుగుట, క్రింద కాళ్లు బురదలో ఉంచుట: ఇట్టి స్థితిలో ఏ దేహమైనను రోగము తెచ్చుకొనకుండునా?

పని ఎట్లు జరిగినదో చెప్పెదను. ఇందు ఆరంభకులకు పనికివచ్చునవి కలవు. ఆ దేశమున 1947 నాటి చట్టము మొదలు పాత కట్టడములను పట్టికలలోనికి ఎక్కించుచున్నారు. పట్టికలోని ఇంటిని అనుమతి లేక మార్చుట నేరము. కనుక ముందు స్థానిక సభకు వ్రాసి అనుమతి పొందిరి. తరువాత ఇంటి చుట్టును తోటమన్ను తీసి, నేలను పీఠముకంటె తగ్గించి, నీరు వాలుగ పోవునట్లు రాళ్లు నింపిన కాలువ త్రవ్విరి. అది పాఱయు ఓపికయు ఉన్న ఎవరైనను చేయదగిన పని. అయినను పునాది అడుగునకు పోకుండ, కొంచెము కొంచెముగ త్రవ్వవలెను. ఆ వేసవిలో నేనును పాఱ పట్టితిని.

సిమెంటును మాత్రము ఒక్కసారిగ ఊడదీయలేదు. తడిసిన గోడకు ఒక్కొక్కప్పుడు ఆ పూతయే ఆసరాగ ఉండును. తొందరపడినచో గోడయే రావచ్చును. బలహీనమైన మూలకు ముందుగ కొయ్య ఊతలు పెట్టించి, ఆ పెద్ద కనిపెట్టి చూచుచుండగా, ఒక్కొక్క చోట కొద్ది కొద్దిగ ఒలిచిరి. ఆరుటకు నెలల కొలది విడిచిరి. మంచు కురియు కాలమున పచ్చి సున్నము పాడగును గనుక పూత పని మఱుసటి వేసవికి ఉంచిరి. ఒక మూల మన్ను బాగుగ చెడెను. అక్కడ ఎండబెట్టిన మట్టి ఇటుకలు పెట్టి కట్టిరి. ఆ మన్నును మా అమ్మాయి మోకాళ్లదాక రబ్బరు జోళ్లు తొడుగుకొని త్రొక్కినది. ఆ ఛాయాచిత్రము మా ఇంట గోడకు ఉన్నది. మా నాయనమ్మ ఉన్నచో, బంకమన్ను త్రొక్కుటకా ఇంత చదువు చదివించితివని నన్ను అడిగియుండెడిది.

చేయరాని పనులును ఉన్నవి. గడ్డికప్పు పనిని ఆ విద్య నేర్చినవారికే వదలిరి. విద్యుత్తు తీగల జోలికి పోలేదు. సున్నము కంట పడినచో చూపునకే ముప్పు గనుక కంటికి అద్దములు, చేతికి తొడుగులు లేక దానిని తాకలేదు. మఱియొక వింత కూడ జరిగినది. అటకపై గబ్బిలములు కాపురమున్నవి. మన వైపు గబ్బిలము చేరుట ఇంటికి అరిష్టమందురు. అక్కడ 1981 నాటి చట్టము ప్రకారము వాని నెలవును చెఱచుట నేరము. అవి పిల్లలను పెంచుకొని పోవువఱకు అటకపని ఆగెను. ఇంటివారు గబ్బిలములకొఱకు వేచియుండుట నాకు మొదట నవ్వు తెప్పించెను. పిదప, పాత ఇంటిపని యంతయు వేచియుండుటయే గదా అని తోచెను.

సిమెంటును నేను నిందించుట లేదు. పోర్ట్‌లండు సిమెంటునకు 1824లో పేటెంటు పొందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఆ ఇంగ్లండువాడే. స్నానపుగదికి, నూతిచప్టాకు, కొత్త ఇటుక కట్టడమునకు అది మేలైన వస్తువు. మట్టిగోడపై మాత్రము అది పరాయిది. పాత కట్టడములను నూతనముగ మార్చివేయుట కాక, ఉన్నదానిని ఎప్పటికప్పుడు కాపాడుకొనుటయే మేలని చెప్పుటకు 1877లో విలియం మోరిస్ ప్రభృతులు అక్కడ ఒక సంఘమును స్థాపించిరి. అది నేటికిని పనిచేయుచున్నది. మా ఊరి మేస్త్రి ఆ సంఘము పేరు వినలేదు. కాని ఇరువురి మాటయు ఒక్కటే.

ఇంటికి తిరిగివచ్చి, మా ఇంటి జోళ్లు ఎట్లున్నవో అని క్రొత్త కన్నుతో చూచితిని. వీధిలో పాత రోడ్డుపై క్రొత్త సిమెంటు రోడ్డు, దానిపై మఱియొకటి పడి, వీధి మా అరుగుతో సమానమాయెను. వాననీరు గోడ అడుగుననే నిలుచుచున్నది. మా ఊరనే కాదు, డెల్టా గ్రామములలో ఎన్ని పాత ఇండ్లు ఇట్లు వీధికంటె పల్లమైపోయినవో మీరును చూచియుందురు. ఇరుగుపొరుగుతో మాటాడి, ఇంటి ముందు ఒక చిన్న కాలువ త్రవ్వించి, నీటిని మురుగుకాలువకు మళ్లించితిని. దాని ఖర్చు, కూలిన గోడ స్థానమున ఇటుకగోడ కట్టించిన ఖర్చులో పదవ వంతైనను కాలేదు.

మన పల్లెలలో నేడు తాళము వేసిన పెంకుటిండ్లు చాల కలవు. పిల్లలు హైదరాబాదునందో, అమెరికాయందో ఉందురు. పండుగకు వచ్చి, పెచ్చులూడిన గోడ చూచి నొచ్చుకొని, సొమ్ము పంపి సిమెంటు పూయించుదురు. వారి ప్రేమలో లోపము లేదు. నా ప్రేమలోను లేకుండెను. అట్టివారికి నేను మనవి చేయునది ఇది. మొదటి సంవత్సరము ఏమియు కూల్చకుడు, ఏమియు పూయకుడు. ఒక వానకాలము నిలిచి చూడుడు, లేదా చూచువారిని నియమింపుడు. నీరు ఎక్కడ పడుచున్నది, ఎటు పోవుచున్నది, ఎక్కడ ఆగుచున్నది అని ఒక పుస్తకమున వ్రాసికొనుడు. వేసవిలో పగిలిన పెంకు మార్పించుడు. చూరు క్రింది నేలకు వాలు పెట్టుడు. గోడ దేనితో కట్టినదో దానితోనే మాట వేయుడు. గోడ ఉబ్బినను, వంగినను, అడుగున మెత్తనైనను ఆ గదిలో ఎవరిని పడుకొననీయక, తెలిసినవారిని పిలిపింపుడు. నిలుపదగని గోడను నిలుపుటకు ప్రాణముల నొడ్డరాదు. ఇల్లు మనుష్యులకొఱకే గాని, మనుష్యులు ఇంటికొఱకు కారు.

డెవన్‌లోని గోడలు పొడిగా ఉన్నవని అమ్మాయి మొన్న ఫోనులో చెప్పినది. మనుమనికి ఇప్పుడు వేఱు మంచము వచ్చినదట. దానిని ఏ గోడ ప్రక్కన వేసితివని అడిగితిని. "పడమటి గోడ పక్కనే నాన్నా. పిండి చూశాకే వేశాను" అనినది.